చప్పుడు చేయని కొత్త ఫోను

దివాకర్ పాత ఫోను నిచ్చెన మీది నుంచి పడి పగిలింది. తెలుగు సంఘం వాళ్ల పిక్నిక్‌కి పార్కు షెడ్డులో స్పీకర్లు కడుతూ, చొక్కా పైజేబులో ఫోను ఉన్న సంగతి మరిచి కిందికి వంగాడు. అది సిమెంటు గచ్చు మీద బోర్లా పడింది. తీసి చూస్తే తెర మీద ఒక మూల ఆకుపచ్చ గీత కాసేపు వెలిగి ఆరిపోయింది.

ఆ సాయంత్రమే రూట్ వన్ హైవే మీదున్న దుకాణానికి వెళ్లాడు. అద్దాల వెనక మెరిసే ఖరీదైన వాటివైపు కన్నెత్తకుండా, గోడకి వేలాడుతున్న చవక రకాల్లోంచి ఒకటి తెచ్చుకున్నాడు. ఆఫీసులో కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఎవరూ తేల్చి చెప్పడం లేదు. అలాంటప్పుడు ఫోనుకి అంత పెట్టడానికి మనసొప్పలేదు.

దివాకర్ ప్లెయిన్స్‌బరోలో ఉంటాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాము ఎక్కడ కాలు జారుతుందో వెతికి పట్టుకోవడం అతని పని. శని ఆదివారాల్లో మాత్రం చుట్టుపక్కల తెలుగు కార్యక్రమాలకి సౌండు చూసిపెడతాడు. అది ఎవరో నేర్పింది కాదు. మైకుల సౌండు సరిచేసే మిక్సరు, ఎవరో పారేయబోయింది ఒకటి తెచ్చి, విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. ప్రతి మైకునీ తనే పరీక్షిస్తాడు. వేదిక మీద నిలబడి ‘హలో, హలో’ అని ఊరుకోడు. హాలు చివరి వరసలో కూర్చుని వింటాడు. అందుకే అతను మిక్సరు బల్ల దగ్గర ఉన్నాడంటే నిర్వాహకులు నిశ్చింతగా ఉంటారు.

కొత్త ఫోను పెట్టెని భోజనాల బల్ల మీద విప్పాడు. వీపంతా ప్లాస్టిక్. చేతికి తేలిగ్గా, జేబుకి వెడల్పుగా ఉంది. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న కూతురు అవనిని ఫొటో తీస్తే, బుగ్గలకి మైదాపిండి పూసినట్టు వచ్చింది.

“నాన్నా, ఐ లుక్ లైక్ ఎ ఘోస్ట్! డిలీట్ చెయ్యి, ప్లీజ్!” అంది అవని. దానికి పదకొండేళ్లు.

ఫోను ఏవేవో ప్రశ్నలు అడిగింది. ఒక తెర మీద చిన్న ఆకుబొమ్మ వేసి, బ్యాటరీ ఎక్కువసేపు రావాలా అని అడిగింది. వద్దనే వాళ్లెవరుంటారు? అవునని నొక్కాడు.

తరవాత, అన్నిటికంటే ముందు ఎక్కించాల్సిన యాప్‌ని ఎక్కించాడు. అది అవని షుగరు చూపించే యాప్.

రెండేళ్ల కిందట ఆ పిల్లకి షుగరు బయటపడింది. పెద్దవాళ్లకి వచ్చే రకం కాదు. తిన్న ప్రతిసారీ ఇన్సులిన్ ఇవ్వాల్సిన రకం. మందు ఎక్కువైనా, మందు వేసుకుని తిండి తినకపోయినా షుగరు దిగిపోతుంది. మరీ దిగితే పిల్ల స్పృహ తప్పుతుంది. ఆ తరవాతి మాట డాక్టరు మెల్లగా, ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూస్తూ చెప్పింది. అవని మోచేతి పైభాగాన బిళ్లంత సెన్సరు ఉంటుంది. అది అవని ఫోనుకి షుగరు అంకె పంపుతుంది. ఆ ఫోను తల్లిదండ్రుల ఫోన్లకి పంపుతుంది. అంకె డెబ్బై కిందికి దిగితే అలారం మోగాలి. పాత ఫోను మీటింగుల్లో, సినిమా హాల్లో, గుళ్లో హారతి వేళ కూడా కీచుమని మోగేది. దివాకర్ బయటికి పరిగెత్తేవాడు. జనం చిరాగ్గా చూసేవాళ్లు. ఎందుకో ఎవరికీ చెప్పేవాడు కాదు.

చెప్పకూడదన్నది భార్య త్రివేణి పెట్టిన నియమం. స్కూల్లో నర్సుకి చెప్పక తప్పలేదు కాబట్టి చెప్పారు. మనవాళ్లలో మాత్రం ఒక్కరికీ తెలియనివ్వలేదు.

“మనవాళ్ల నోళ్లు మీకు తెలీవు,” అనేది. “మా పిన్నికి చిన్నప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయండీ. పాతికేళ్లొచ్చినా ఆవిడ పేరు చెబితే ముందు అదే చెప్పేవారు. ఇది ఆడపిల్ల. ఇక్కడివాళ్లే రేపు సంబంధాల దగ్గర గుర్తుచేసుకుని మరీ చెప్తారు.”

దివాకర్ అడ్డు చెప్పలేదు. ఒప్పుకున్నాడని కాదు. వాదించడం కంటే అలారం విని పరిగెత్తడం తేలికనిపించింది.

యాప్ ఎక్కించాక తన పద్ధతి ప్రకారం పరీక్ష పెట్టాడు. అలారం మోగాల్సిన అంకెని కావాలని పైకి జరిపి, ఫోను చేతిలో పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. కాసేపటికి అది చెవులు చిల్లులు పడేలా మోగింది. తృప్తిగా అంకెని మళ్లీ మామూలు చోటికి జరిపాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు కెఫెటేరియాలో నరసింహ ఆ ఫోను చూశాడు. కరీంనగర్ నుంచి వచ్చినవాడు, పక్క టీములో పని. వయసులో చిన్న.

“ఏందన్నా గిది? ఫోనా, చపాతీల పీటా?”

“నవ్వు నవ్వు. నీది సాయంత్రానికి చచ్చి ఊరుకుంటుంది. దీనికి నిన్న రాత్రి నుంచీ చార్జింగ్ పెట్టలేదు. ఎంత దిగిందో చూడు.”

నరసింహ అందుకుని చూశాడు. కనుబొమ్మలు లేచాయి. “అరే, ఏం దిగలేదు గదనే! ఏం తింటది ఇది? గాలి మేస్తదా?”

అతను తెర వెలిగించగానే వాట్సాప్ సందేశాలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. టింగు టింగుమంటూ ఆగకుండా మోగింది. పొద్దుటి నుంచి వచ్చినవన్నీ అందులో ఉన్నాయి.

“ఇగో, ఇంతసేపు ఏడ వోయినయన్నా ఇవన్నీ?”

“ఈ బిల్డింగులో సిగ్నల్ ఉండదుగా,” అన్నాడు దివాకర్.

ఆ వారమంతా ఫోను అతనికి బాగానే ఉన్నట్టు తోచింది. టైపు చేస్తే అక్షరాలు ఒక్క క్షణం వెనకబడేవి. కెమెరా సంగతి సరేసరి. కానీ నిశ్శబ్దంగా ఉండేది. మీటింగులు మీటింగుల్లా సాగాయి. అవని షుగరు కూడా ఈమధ్య కుదురుగా ఉన్నట్టుందని త్రివేణితో అన్నాడు. మీ నోటి చలవ అంటూ ఆమె దిష్టి తగలకుండా గోడకి చెయ్యి తాకించి కళ్లకద్దుకుంది.

ఒక సాయంత్రం అతను వంటగదిలో పాత్రలు తుడుస్తుంటే అవని గదిలోంచి వచ్చింది. ముఖం పాలిపోయి, నుదుటి మీద చెమట పట్టి ఉంది. ఏమీ మాట్లాడకుండా ఫ్రిజ్ తెరిచి జ్యూసు డబ్బా తీసి గటగటా తాగింది.

“ఏమైందమ్మా?”

“లో అయింది. నాన్నా, నీ ఫోన్ బీప్ అవలేదా? నాది స్కూల్ బ్యాగ్‌లో ఉంది, నాకు వినపడలే.”

దివాకర్ చెయ్యి తుడుచుకుని గట్టు మీదున్న ఫోను తీశాడు. చేతిలోకి తీసుకోగానే మోగింది.

“అదిగో, ఇప్పుడే వచ్చింది. టైమ్‌కే మోగింది కదమ్మా,” అన్నాడు.

అవని గ్లాసు అంచు మీంచి తండ్రి వైపు చూసింది. “ఓకే,” అంది.

కొంతసేపటి దాకా అతనికి మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. తను తీసినందుకు మోగిందా, మోగే వేళకి తను తీశాడా? ఆఫీసులోనైతే ఆ ప్రశ్నని పట్టుకుని సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. ఇక్కడ మాత్రం మిగిలిన పాత్రలు తుడిచి, దగ్గర్లోని ఎడిసన్‌లో జరిగే డాన్సు కార్యక్రమానికి ఏయే కేబుళ్లు కావాలో చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

కార్యక్రమం ఆదివారం, ఒక హైస్కూలు ఆడిటోరియంలో. చంద్రిక టీచర్ కూచిపూడి స్కూలు పిల్లలందరూ అందులో ఆడుతున్నారు. అవని బృందానిది జతిస్వరం అనే నృత్యం. సెన్సరు కనపడకుండా త్రివేణి జాకెట్టు చేతులు ఒక బెత్తెడు పొడుగు పెంచి కుట్టించింది. మిగతా పిల్లలవాటికంటే ఇవి పొడుగ్గా ఉన్నాయేమని టీచర్ అడిగితే, గుడ్డ కొంచెం మిగిలిందని చెప్పింది.

పొద్దున్నే వెళ్లి దివాకర్ స్పీకర్లు నిలబెట్టాడు. కంప్యూటర్లో పాటలు వరసగా పేర్చుకున్నాడు. చివరి వరసకి వెళ్లి విన్నాడు. కుడివైపు స్పీకరు కాస్త బొంగురుగా ఉందనిపించి తీగ మార్చాడు. మళ్లీ వెనక్కి వెళ్లి విన్నాడు. అంతా సరిగ్గా ఉంది.

మధ్యాహ్నం కార్యక్రమం మొదలవబోతుండగా త్రివేణి నుంచి సందేశం వచ్చింది. ఫోను అతని చేతిలోనే ఉంది. ‘బాత్రూంలో ఇంజెక్షన్ ఇచ్చేశాను. పులిహోర తింటోంది. గ్రీన్‌రూములో ఎవరూ ఫోన్లు ఉంచుకోకూడదట, ఎవరో వీడియోలు తీసి పెట్టారని. పిల్లలవీ తల్లులవీ అన్నీ సౌండు ఆపించి టీచర్ బుట్టలో వేయించుకుంటోంది. అవనిదీ నాదీ వేసేస్తున్నా. ఇంక మీరే చూసుకోవాలి.’

‘చూసుకుంటా’ అని రాశాడు. యాప్ తెరిచి చూశాడు. అంకె నూట నలభై, పక్కన బాణం అడ్డంగా ఉంది. కంగారు లేదు. ఫోనుని మిక్సరు పక్కన బల్ల మీద, కళ్లెదుటే బోర్లించి పెట్టాడు. తెర వెలుగు ప్రేక్షకుల కళ్లలో పడకుండా ఎప్పుడూ అలాగే పెడతాడు.

దీపాలు ఆర్పారు. జ్యోతి వెలిగించారు. ముఖ్య అతిథి ఎంతకీ మైకు వదల్లేదు. ఆయన తరవాత స్పాన్సర్లకి శాలువాలు కప్పారు. అవని వాళ్ల నృత్యం వెనక్కి, ఇంకా వెనక్కి జరిగింది. దివాకర్ మధ్యమధ్యలో ఫోను వైపు చూస్తూనే ఉన్నాడు. అది చప్పుడు చేయలేదు. చప్పుడు లేదంటే పిల్ల బాగున్నట్టు. రెండేళ్లుగా ఆ ఇంట్లో లెక్క అదే.

చివరికి తెర లేచింది. ఆరుగురు పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. అవని వెనక వరసలో ఎడమ చివర ఉంది. దివాకర్ పాట వదిలాడు. గజ్జెలు ఒక్కసారిగా ఘల్లుమన్నాయి. హాలు నిండా చప్పట్లు.

నరసింహ పక్క వరసలోంచి వంగి నడుచుకుంటూ వచ్చి, బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని కూతురు ముందు వరసలో ఆడుతోంది.

“అన్నా, నా ఫోన్ సచ్చింది. మా పిల్లని వీడియో తియ్యాలె. నీ చపాతీల పీట ఇయ్యరాదు జరంత.”

దివాకర్ కళ్లు వేదిక మీదే ఉన్నాయి. అవని ఒక అడుగు వెనకపడింది. పక్కపిల్లని చూసి అందుకుంది. భయంతో మరిచిపోయి ఉంటుందిలే అనుకుని, చూడకుండానే ఫోను తీసి అందించాడు.

నరసింహ తెర వెలిగించాడు.

ఫోను అరిచింది. ఒక అలారం ఆగకముందే ఇంకొకటి మోగింది. దాని మీద మరొకటి. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నరసింహ కంగారుపడి ఏదో నొక్కబోతే దివాకర్ లాక్కున్నాడు. తెర మీద హెచ్చరికలు ఒకదాని కింద ఒకటి బారులు తీరి ఉన్నాయి. అన్నిటికంటే కింద ఉన్నది శాలువాలు కప్పుతున్నప్పటిది. ఆ తరవాతది ఇంకా తక్కువ. ఆ తరవాతది మరీ తక్కువ. అన్నిటికంటే పైన, ఇప్పటి అంకె నలభై ఒకటి. పక్కన రెండు బాణాలు నిట్టనిలువుగా కిందికి చూస్తున్నాయి. వాటన్నిటి నడుమ ఆకుబొమ్మ వేసిన చిన్న కబురొకటి తీరిగ్గా కూర్చుని ఉంది: వాడని యాప్‌లను నిద్రపుచ్చి మీ బ్యాటరీ ఆదా చేశాం.

దివాకర్ తలెత్తాడు. వేదిక మీద ఐదుగురు పిల్లలు కుడికి తిరిగారు. అవని తిరగలేదు. నవ్వుతూనే ఉంది. డాన్సులో ముఖం ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని వాళ్లకి నేర్పారు. కళ్లు మాత్రం ఎటూ చూడటం లేదు. చేతులు తాళంతో సంబంధం లేకుండా, నీళ్లలో ఆడినట్టు మెల్లగా కదులుతున్నాయి.

ఒక్క క్షణం అతని వేళ్లు మిక్సరు మీద ఆగాయి. హాల్లో ఉన్నవాళ్లంతా తెలిసినవాళ్లే. పాట ఆపితే ఎందుకని అడుగుతారు. ఆ ఒక్క క్షణానికి తరవాత అతను తనని తాను మన్నించుకోలేకపోయాడు. మీటని కిందికి లాగేశాడు.

పాట తెగిపోయింది. అప్పటికప్పుడు పుట్టిన నిశ్శబ్దంలో గజ్జెలు ఇంకో రెండు దెబ్బలు వేసి ఆగాయి. ఒక్క అవని గజ్జెలు మాత్రం ఆగకుండా, ఏ వరసా లేకుండా మోగుతున్నాయి. దివాకర్ కుర్చీల మధ్యదారిలో పరిగెత్తాడు.

“సౌండ్ ఏమైంది దివాకర్ గారూ?” తెర పక్కనుంచి చంద్రిక టీచర్ కేక వేసింది.

అతను వేదిక అంచు పట్టుకుని ఎగబాకేసరికి అవని కూలిపోయింది. వడ్డాణం చెక్క మీద తగిలి ఠంగుమంది. తలని ఒళ్లోకి తీసుకున్నాడు. దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. చెమటకి ముఖానికున్న రంగు కరిగి చారలు కట్టింది. పిలిచాడు. పలకలేదు.

“పక్కకి జరగండి, ఉక్కకో ఆకలికో సొమ్మసిల్లి ఉంటుంది, నీళ్లు పట్టండి,” అన్నాడెవరో.

“నీళ్లు వద్దు! నోట్లో ఏమీ పొయ్యొద్దు!” దివాకర్ అరిచాడు. అతని గొంతు అంత పెద్దదని అక్కడెవరికీ తెలియదు. “మా అమ్మాయికి షుగర్ ఉంది. లో అయింది. త్రివేణీ! మందు! ముక్కులో కొట్టే మందు! నరసింహా, నైన్ వన్ వన్ కి చెయ్యి!”

“నా ఫోన్...” అంటూనే నరసింహ పక్కవాడి చేతిలోంచి ఫోను గుంజుకున్నాడు.

త్రివేణి జడపిన్నులు నోట్లో పెట్టుకునే గ్రీన్‌రూములోంచి వచ్చింది. కూతుర్ని చూసి పిన్నులన్నీ ఉమ్మేసింది. మళ్లీ వెనక్కి పరిగెత్తి, చేతిసంచీ తెచ్చి, అక్కడే బోర్లించింది. దువ్వెనలు, కాటుక డబ్బీ, జ్యూసు డబ్బాలు చెల్లాచెదురుగా దొర్లాయి. వాటి మధ్య నుంచి దివాకర్ షుగరు పెంచే మందు గొట్టం ఏరుకుని, పిల్ల ముక్కులో పెట్టి చివరిదాకా నొక్కాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. ఇంక చేయగలిగిందేమీ లేదు. ఎదురుచూడాలి, అంతే.

ఎంతసేపు గడిచిందో దివాకర్‌కి తెలియలేదు. పిల్ల ఊపిరి తన అరచేతికి తగులుతోందో లేదో అని చూసుకుంటూ ఉండిపోయాడు. ఒకసారి తగిలింది. మళ్లీ చాలాసేపటికిగానీ తగల్లేదనిపించింది.

అంబులెన్సు వాళ్లు వచ్చి వేలి కొస గుచ్చి చూశారు. చేతికి సూది పెట్టారు. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుండగా అవని కనురెప్పలు కదిలాయి. చంద్రిక టీచర్ పక్కనే నడుస్తూ వచ్చింది.

“తినకుండా లేపేసింది నేనే త్రివేణీ,” అంది. “రెండు ముద్దలు తిన్నదో లేదో, ప్లేటు తీసేశాను. లిప్‌స్టిక్ పోతుంది, డాన్స్ అయ్యాక తిందువుగాని అన్నాను. నాకేం తెలుసు? ఒక్క మాట... ఒక్క మాట చెప్పి ఉంటే...”

త్రివేణి ఆమె వైపు తిరగలేదు. స్ట్రెచర్ ఇనపకమ్మీని రెండు చేతులతో పట్టుకుని నడిచింది.

ఆస్పత్రిలో అంకె నెమ్మదిగా పైకి లేచింది. గండం గడిచిందన్నారు. అయినా ఆ రాత్రికి ఉంచుతామన్నారు. మూర్ఛ ఏమైనా వచ్చిందా, పడ్డప్పుడు తలకి దెబ్బ తగిలిందా అన్నది చూడాలట. రేపు తెల్లారేదాకా ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఇలాంటి పిల్లలకి ఒకసారి ఇంతగా దిగితే, ఆ తరవాత కొన్నాళ్లపాటు దిగే ముందు వణుకూ చెమటా తెలియకపోవచ్చనీ, ఇంకా జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలనీ చెప్పాడు.

దివాకర్ మంచం పక్కన నిలబడ్డాడు. చేతిలో ఫోను ఉంది. ఆకుబొమ్మ తెర వెతికి, తను ఆ రోజు అవునని నొక్కిన దాన్ని తీసేశాడు. తీసేశాక కూడా దాన్ని బల్ల మీద పెట్టలేకపోయాడు. తెర ఆరిపోబోయిన ప్రతిసారీ వేలితో తట్టి వెలిగిస్తున్నాడు.

“అవనీ, లో అవుతున్నట్టు నీకు ముందు తెలీలేదా తల్లీ?” మెల్లగా అడిగాడు.

అవని పెదాలు తడుపుకుంది. “తెలిసింది. ఐ వజ్ షేకీ. చంద్రిక ఆంటీకి చెప్పాను.”

త్రివేణి తలెత్తింది. “ఏమని చెప్పావు?”

“కడుపు నొప్పి అని.” గొంతు చాలా చిన్నగా వచ్చింది. “నువ్వే కదా అమ్మా చెప్పొద్దన్నావు. ఆంటీ అంది, నర్వస్ అయితే అలాగే ఉంటుంది, స్మైల్ చెయ్యి అని. సో ఐ స్మైల్డ్.”

మంచం తల దగ్గరున్న యంత్రం గీతలు గీసుకుంటూ పోతోంది.

“ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కదా,” అంది అవని. “ఆర్ యు మ్యాడ్ ఎట్ మీ?”

త్రివేణి నర్సు ఇచ్చిన తడిగుడ్డ తీసుకుని, కూతురి ముఖం మీది రంగు తుడవడం మొదలుపెట్టింది. ముందు బుగ్గలు తుడిచింది, తరవాత నుదురు. తరవాత జాకెట్టు చేతిని, తను పొడుగు పెట్టి కుట్టించిన చేతిని, భుజం దాకా పైకి మడిచింది. మడత జారిపోతుంటే సంచీలోంచి పిన్ను తీసి, సెన్సరు బయటికి కనపడేలా గట్టిగా గుచ్చింది.

తలుపు దగ్గర చంద్రిక టీచరూ, నరసింహా, ఇంకా ఇద్దరు తల్లులూ లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడి ఉన్నారు.

“రండి,” అంది త్రివేణి, వాళ్ల వైపు చూడకుండానే. “ఇది ఏ అంకె చూపిస్తే ఏం చెయ్యాలో చెప్తాను. దగ్గరికొచ్చి చూడండి.”